కిట్ ఇస్తామంటున్నారు, సంతకం పెట్టమంటారా?

కడప జిల్లా నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు కాబట్టి అవి తీసేసి విషయం మాత్రం చెబుతాను.

ఆమె ఇంటి దగ్గరే టైలరింగ్ చేస్తారు. భర్త బట్టల షాపులో గుమస్తా. ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయికి 14 ఏళ్లు, పదో తరగతి. క్రికెట్ ఆడుతుంది, ఎడమచేతి వాటం ఓపెనర్. వీధిలో మగపిల్లలతో టెన్నిస్ బాల్ ఆడుతుంటే స్కూల్లో పీఈటీ సార్ గమనించి అకాడమీలో చేర్పించారు. ఇప్పుడు జిల్లా అండర్-15 జట్టులో ఆడుతోంది. ఈ సీజన్‌లో రాష్ట్ర ప్రాబబుల్స్‌కి (జట్టు ఎంపికకు ముందు వేసే జాబితాకి) పిలుపు వస్తుందని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నారు. ఆడేది మాత్రం ఒక సీనియర్ అమ్మాయి ఇచ్చిన పాత హ్యారో సైజు (పెద్దవాళ్ల బ్యాట్ కంటే ఒక సైజు చిన్నది) బ్యాట్‌తో. దాని అంచు చీలితే జిగురు పెట్టి, టేపు చుట్టి నెట్టుకొస్తున్నారు. ప్యాడ్లు అకాడమీవి. హెల్మెట్ కూడా అకాడమీదే. నలుగురు పిల్లలు మార్చుకుంటూ పెట్టుకుంటారు.

పోయిన నెల టౌన్‌లో ఒక స్పోర్ట్స్ షాపు యజమాని కోచ్ ద్వారా కబురు పంపారు. ఆయన ఈమధ్యే సొంత బ్రాండ్ పేరుతో బ్యాట్లు అమ్మడం మొదలుపెట్టారు. "మన జిల్లా శ్రీచరణి వరల్డ్ కప్ గెలిచొచ్చినప్పటి నుంచి షాపుకి ఆడపిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు పెరిగారు. మీ పాపకు నేను స్పాన్సర్ చేస్తా, మా బ్రాండ్‌కి తనే ముఖం" అన్నారట. ఇంగ్లిష్ విల్లో చెక్క బ్యాట్, ప్యాడ్లు, గ్లౌజులు, థై ప్యాడ్, హెల్మెట్, బూట్లు, కిట్ బ్యాగు కలిపి విలువ 64,000 రూపాయలని కాగితం మీద వేశారు. అందులో 18,000 వీళ్లు కట్టాలి, మిగతాది స్పాన్సర్‌షిప్.

షరతులు: మూడేళ్లు బ్యాట్ నుంచి బూట్ల దాకా ఆయన బ్రాండే వాడాలి. అమ్మాయి పేరుతో ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరిచి, అందరికీ కనిపించేలా పెట్టి, నెలకు ఎనిమిది వీడియోలు వేయాలి. ఫొటోలు ఫ్లెక్సీలకీ ప్రకటనలకీ ఆయన ఎప్పుడైనా వాడుకోవచ్చు. రెండో ఏడాది నుంచి సామాన్లు 'అవసరాన్ని బట్టి' ఇస్తారు. మధ్యలో వేరే బ్రాండ్ ముట్టుకుంటే కిట్ విలువకు రెండింతలు తిరిగి కట్టాలి. దానికి హామీగా తండ్రి సంతకం చేసిన ఖాళీ చెక్కు ఒకటి ఇవ్వాలి.

భర్త సంతకం పెట్టేద్దామంటున్నారు. "ఇచ్చేవాడు ఇస్తానంటుంటే నీకెందుకు నొప్పి" అన్నారట. కోచ్ కూడా "ఇలాంటి ఛాన్స్ మళ్లీ రాదు, నేను మాటిచ్చేశాను" అంటున్నారు. ఆమె బావగారు 20,000 ఇస్తానంటున్నారు గానీ, ఇంటర్‌తో ఆట ఆపించేయాలని ముందే మాట తీసుకుంటున్నారు. అమ్మాయిని షాపుకి తీసుకెళ్లి బ్యాట్ పట్టిస్తే రెండు మూడు సార్లు ఊపి పక్కన పెట్టేసి, బయటికొచ్చాక "అమ్మా, ఇది బరువు. కట్ కొట్టబోతే చెయ్యి ఆలస్యంగా వస్తుంది" అందట. తూకం 1,230 గ్రాములు. హ్యారో సైజు ఆ బ్రాండ్‌లో లేదన్నారు. ఉత్తరం చివర్లో ఆమె ఇలా రాశారు: "మా పాప బ్యాట్‌తో ఆడుతుందా, బాకీతో ఆడుతుందా అని నాకు భయంగా ఉంది సార్. సంతకం పెట్టమంటారా? పెట్టకపోతే కోచ్ సార్‌కి కోపమొస్తుంది. మా బావగారి డబ్బు తీసుకోమంటారా?"

అమ్మా,

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాట మీ అమ్మాయిది. షరతులు, చెక్కు, కోచ్ గారి కోపం అన్నీ తర్వాత. చెయ్యి ఆలస్యంగా వస్తోందని తనే చెప్పింది. లెదర్ బాల్ ఆడే పిల్లకు తన బ్యాట్ సంగతి తనకు తెలిసినంతగా షాపువాళ్లకీ, మీకూ, నాకూ తెలియదు. ఆ వయసు ఆడపిల్ల హ్యారో సైజులో వెయ్యి గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉన్న బ్యాట్‌తో హాయిగా ఆడుతుంది. దాని మీద రెండు వందల గ్రాములు పెరిగితే మొదట దెబ్బతినేది కట్, పుల్ షాట్లు. ఆ తర్వాత మణికట్టు, మోచెయ్యి. సీజన్ మధ్యలో మోచెయ్యి పట్టేస్తే ప్రాబబుల్స్ సంగతి దేవుడెరుగు.

ఇక లెక్కలోకి వద్దాం. ఆ 64,000 ఆయన వేసుకున్న అంకె. మీరు చెప్పిన సామాన్లు మామూలు షాపులో కొంటే ఎంతవుతుందో నా అంచనా చెబుతాను. ధరలు ఊరిని బట్టి కొంచెం మారతాయి, మీరు కూడా ప్రొద్దుటూరులోనో కడపలోనో రెండు షాపుల్లో అడిగి చూడండి. తక్కువ గ్రేడు ఇంగ్లిష్ విల్లో బ్యాట్ 10 నుంచి 12 వేలు. ప్యాడ్లు రెండున్నర వేలు, గ్లౌజులు పదిహేను వందలు, హెల్మెట్ రెండున్నర వేలు, స్పైక్స్ బూట్లు మూడు వేలు, బ్యాగు రెండున్నర వేలు, థై ప్యాడ్ లాంటివి ఇంకో వెయ్యి. ఎటు వేసినా పాతిక వేలకు అటూ ఇటూ. అందులో 18,000 మీరు కడుతున్నారు. అంటే ఆయన నిజంగా పెడుతున్నది ఏడు వేలు. మూడేళ్లలో మీ అమ్మాయి చేయాల్సిన వీడియోలు 288. వీడియోకి పాతిక రూపాయలు కూడా గిట్టడం లేదు. మధ్యలో తప్పుకుంటే మీరు కట్టాల్సింది మాత్రం 1,28,000.

బ్యాట్ నిజంగానే పై గ్రేడుదైతే ఈ లెక్క మారుతుంది. మంచి గ్రేడు ఇంగ్లిష్ విల్లో 25, 30 వేలు దాటిన మాట నిజమే. అందుకే బ్యాట్ ఏమిటో తేల్చుకోవాలి. మన దేశంలో ఇంగ్లిష్ విల్లో బ్యాట్లు ఎక్కువగా మీరట్, జలంధర్‌లలో తయారవుతాయి. చెక్క ఇంగ్లండ్ నుంచి దిగుమతి అవుతుంది. అక్కడి వర్క్‌షాపులు స్టిక్కర్ లేని ప్లెయిన్ బ్యాట్లు కూడా అమ్ముతాయి. వాటిని తెచ్చి ఎవరి స్టిక్కర్ వాళ్లు వేసుకుంటారు. మీ షాపాయన 'సొంత బ్రాండ్' కూడా చాలావరకు అదే అయి ఉంటుంది. అందులో మోసమేమీ లేదు, అది వ్యాపారం. కాకపోతే చవకైన కశ్మీర్ విల్లోను బ్లీచ్ చేసి తెల్లగా చేసి ఇంగ్లిష్ విల్లో అని అమ్మేవాళ్లూ మార్కెట్లో ఉన్నారు. స్టిక్కర్ పడ్డాక గుర్తుపట్టడం కష్టం. బిల్లు మీద 'ఇంగ్లిష్ విల్లో', గ్రేడు, ఎమ్మార్పీ రాసివ్వమనండి. రాసిస్తే సగం అనుమానం తీరినట్టే. రాయడానికి నీళ్లు నములుతుంటే మీకు జవాబు దొరికినట్టే.

మీ ఆయన మాట పూర్తిగా తీసిపారేయలేను. గుమస్తా జీతంతో, కుట్టుమిషన్‌తో ఇద్దరు పిల్లల్ని చదివిస్తూ క్రికెట్ ఆడించడం ఎంత కష్టమో ఆయనకు తెలుసు కాబట్టే ఎవరో చెయ్యి అందిస్తే పట్టుకుందామనుకుంటున్నారు. జిల్లా స్థాయి ఆడపిల్లకు ఒక షాపు స్పాన్సర్ చేస్తానని రావడం కూడా మంచిదే. కొన్నేళ్ల కిందట ఇలా అడిగేవాళ్లే లేరు. 2025 నవంబరు 2న నవీ ముంబైలో వన్డే ప్రపంచకప్ ఫైనల్లో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికా మీద గెలిచారు. ఆ టోర్నీలో మీ జిల్లా అమ్మాయి శ్రీచరణి 14 వికెట్లు తీసింది. షాపు యజమాని వ్యాపారి కాబట్టి గాలి ఎటు వీస్తోందో పసిగట్టారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం ఆయన పని. మీ పని ఆ కాయల్లో మీ అమ్మాయి వాటా ఎంతో చూసుకోవడం.

కాగితంలో నన్ను అసలు కలవరపెట్టినవి రెండు: మూడేళ్ల గడువు, ఖాళీ చెక్కు.

మూడేళ్లంటే 14 నుంచి 17. ఆ వయసులో పిల్ల పొడుగు పెరుగుతుంది, భుజం బలపడుతుంది, ఆట మారుతుంది. హ్యారో నుంచి పెద్దవాళ్ల సైజైన షార్ట్ హ్యాండిల్‌కి మారాల్సి రావచ్చు. ప్యాడ్లు పొట్టివవుతాయి. బూట్లు ఏడాది తిరక్కుండానే బిగుతవుతాయి. రెండో ఏడాది నుంచి 'అవసరాన్ని బట్టి' అన్నారు. అవసరం ఎవరు నిర్ణయిస్తారు? కాగితంలో లేదంటే షాపాయనే. అప్పుడు బ్యాట్ విరిగి, కొత్తది ఆయన ఇవ్వక, వేరే కంపెనీది కొంటే జరిమానా పడుతుందన్నమాట. రేపు నిజంగానే రాష్ట్ర జట్టుకు ఆడి ఏ పెద్ద కంపెనీయో కిట్ ఇస్తానని వచ్చినా అదే చిక్కు.

చెక్కు సంగతి ఇంకా గట్టిగా చెబుతాను. 18 నిండని పిల్లలతో చేసుకున్న ఒప్పందం వాళ్ల మీద చెల్లదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం, 1903లో ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో మనకు లండన్‌లో ఉన్న పై కోర్టు) తీర్పు ఈ విషయాన్ని ఎప్పుడో తేల్చేశాయి. అందుకే ఆయన అమ్మాయి సంతకం అడగలేదు, మీ సంతకాలు అడిగారు. బాధ్యత అంతా మీ ఇద్దరి నెత్తిన పడుతుంది. ఒప్పందంలో జరిమానా ఎంత రాసుకున్నా కోర్టు సమంజసమైన నష్టపరిహారమే ఇప్పించాలని అదే చట్టంలో 74వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి 1,28,000 అంకె చూసి మరీ హడలిపోనక్కర్లేదు. కానీ చేతిలో ఖాళీ చెక్కు ఉన్నవాడు నష్టపరిహారం కోసం కోర్టుకెందుకు వెళ్తాడు? అంకె వేసి బ్యాంకులో పడేస్తాడు. అది బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు. రెండేళ్ల దాకా జైలు గానీ, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ చెక్కు దేని కోసం ఇచ్చారో నిరూపించుకోవడానికి మీ ఆయన వాయిదాల చుట్టూ తిరగాలి. షాపాయన అలాంటివాడని నేననడం లేదు. షాపు రేపు చేతులు మారవచ్చు, ఆయన కొడుకు చూసుకోవచ్చు, భాగస్తులతో గొడవ రావచ్చు. చెక్కు మాత్రం బీరువాలో అలాగే ఉంటుంది. మిగతా విషయాల్లో మీరు ఏ దారి పట్టినా సరే, ఇది మాత్రం ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే రేపే వెళ్లి వెనక్కి తెచ్చుకోండి.

హెల్మెట్ గురించి కూడా ఒక మాట. అకాడమీ నెట్స్‌లో (వల కట్టిన ప్రాక్టీస్ పిచ్‌ల్లో) మీ అమ్మాయి మగపిల్లల బౌలింగ్ కూడా ఆడుతోందని రాశారు. అమ్మాయిల మ్యాచ్‌లలో బంతి 140 నుంచి 151 గ్రాములుంటుంది. మగవాళ్ల బంతి 156 నుంచి 163. నెట్స్‌లో వచ్చేది ఆ బరువు బంతే, విసిరేది పదహారేళ్ల కుర్రాడు. నలుగురు పెట్టుకునే హెల్మెట్ ఎవరి తలకూ సరిగ్గా కూర్చోదు. అది ఇంతకుముందు ఎన్ని దెబ్బలు తిందో ఎవరూ చెప్పలేరు. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను పైకి బాగున్నా సరే మార్చేయాలి. కొనేటప్పుడు లోపల బీఎస్ 7928:2013 అన్న బ్రిటిష్ భద్రతా ప్రమాణం ముద్ర ఉందో లేదో చూడండి. గ్రిల్‌కీ పై అంచుకీ మధ్య సందులోంచి బంతి దూరకూడదు. 2014లో ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిల్ హ్యూస్ మెడ మీద బంతి తగిలి చనిపోయిన తర్వాత మెడకు రక్షణగా వెనక బిగించే గార్డులు విరివిగా వచ్చాయి. కుదిరితే అది కూడా తీసుకోండి. స్పాన్సర్ ఇచ్చే హెల్మెట్‌కి ఆ ముద్ర లేకపోతే, ఒప్పందంలో ఏమున్నా అది మీ పిల్ల తల మీద పెట్టవద్దు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఉన్నదున్నట్టు సంతకం పెడితే ఏమవుతుందో పైన చెప్పాను. రేపు పొద్దుటికి కొత్త కిట్ వస్తుంది, కోచ్ సంతోషిస్తారు, ఇంట్లో గొడవ ఉండదు. అవి చిన్న లాభాలేం కావు. కాకపోతే బరువు బ్యాట్‌తో సీజన్ ఆడాలి, మూడేళ్లు కట్టుబడి ఉండాలి.

రెండోది బేరం. మనవాళ్లు చీర కొనేటప్పుడు గంట బేరమాడతారు గానీ స్పాన్సర్ అనగానే చేతులు కట్టుకుని నిలబడతారు. ఆయన మీకు దానం చేయడం లేదు, ప్రచారం కొనుక్కుంటున్నారు. కాబట్టి ధైర్యంగా మాట్లాడండి. ఆయనకు కావాల్సింది బ్యాట్ మీద కనిపించే తన స్టిక్కర్. సచిన్ బ్యాట్ మీద ఎన్నో ఏళ్లు ఎంఆర్ఎఫ్ అని ఉండేది. అది టైర్ల కంపెనీ, బ్యాట్లు చేసే కంపెనీ కాదు. అంత పెద్ద ఆటగాళ్లే తమకు నప్పిన బ్యాట్ తాము ఎంచుకుని, దాని మీద స్పాన్సర్ స్టిక్కర్ వేయించుకుంటారు. మీరూ అదే అడగండి: "మీ సప్లయర్ దగ్గర హ్యారో సైజులో తేలిక బ్యాట్ ఒకటి తెప్పించండి, పాప చేత్తో పట్టి చూసి నచ్చినది తీసుకుంటుంది, మీ స్టిక్కర్ వేద్దాం." మీరట్ నుంచి నలభై బ్యాట్లు తెప్పించే మనిషికి అందులో ఒకటి హ్యారో తెప్పించడం పెద్ద పనేం కాదు.

దాంతోపాటు గడువు ఒక్క సీజన్‌కి కుదించమనండి. నచ్చితే వచ్చే ఏడాది ఇద్దరూ కూర్చుని మళ్లీ రాసుకోవచ్చు. కట్టుబాటు బ్యాట్ వరకే ఉండాలి. హెల్మెట్, బూట్లు, గ్లౌజులు మీ ఇష్టం. బ్యాట్ విరిగితే ఎన్ని రోజుల్లో మార్చి ఇస్తారో రాయాలి, ఆలోగా వేరే బ్యాట్ వాడుకోవచ్చని కూడా రాయాలి. రాష్ట్ర జట్టులోకి వెళ్తే జట్టు నియమాలే ముందు. జరిమానా రెండింతలు ఎందుకు? మధ్యలో మానేస్తే వాడని సామాను తిరిగిచ్చేస్తాం అంటే చాలదా? మీరు కట్టే 18,000 కూడా తగ్గించమనండి. సగానికి పైగా మీరే కడుతుంటే దాన్ని స్పాన్సర్‌షిప్ అనరు, డిస్కౌంట్ అంటారు. డిస్కౌంట్‌కి ఇన్ని షరతులు ఎక్కడా ఉండవు.

ఆయన "నేను ఇంత చేస్తే రేపు పెద్దదయ్యాక మర్చిపోతుంది కదా" అని అనవచ్చు. చాలామంది చిన్న స్పాన్సర్ల బాధ అదే, అందులో న్యాయం ఉంది. ధోనీ సంగతి చెప్పండి. రాంచీలో పేరు లేని రోజుల్లో ఒక షాపతని చొరవతో జలంధర్‌లోని బీఏఎస్ కంపెనీ నుంచి ఆయనకు కిట్ అందింది. 2019 ప్రపంచకప్‌లో, కోట్లు ఇచ్చే స్పాన్సర్లు దొరికే స్థాయిలో ఉండి కూడా, మొదట్లో తనను ఆదుకున్న కంపెనీల స్టిక్కర్లు వేసుకుని ఆడారు. డబ్బు తీసుకోకుండానే వేసుకున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ కృతజ్ఞత ఏ ఖాళీ చెక్కూ రాబట్టింది కాదు.

బేరం కుదరకపోతే మూడోది: ఆ 18,000తో మీరే చూసుకోవడం. చీటీ పాడి కడతానని రాశారు కదా, అంటే ఆ డబ్బు ఎలాగూ తెస్తున్నారు. మొదట హెల్మెట్, తర్వాత సరైన సైజు గ్లౌజులు. రెండూ కలిపి నాలుగు వేలలో వస్తాయి. సెలెక్షన్ కాకముందు కిట్ బ్యాగ్ ఎవరూ చూడరు. స్కూల్ బ్యాగ్ లాంటి పాత బ్యాగ్ సరిపోతుంది. ప్యాడ్లు ఇంకో ఏడాది అకాడమీవి నడుస్తాయి. బ్యాట్‌కి ఆరేడు వేలు పెట్టుకోండి. ఆ ధరకు కొత్త ఇంగ్లిష్ విల్లో అంత బాగా రాదు గానీ సీనియర్ అమ్మాయిలు షార్ట్ హ్యాండిల్‌కి మారేటప్పుడు అమ్మేసే హ్యారో బ్యాట్లు దొరుకుతాయి. ఆడి ఆడి బంతి దెబ్బలకు సిద్ధమైన బ్యాట్ కాబట్టి రోజుల తరబడి నూనె పెట్టి మేలెట్‌తో (చెక్క సుత్తితో) కొట్టే పని కూడా తప్పుతుంది. నెట్స్‌లో త్రోడౌన్లకు (దగ్గర నుంచి విసిరే ప్రాక్టీస్ బంతులకు) రెండు వేల కశ్మీర్ విల్లో బ్యాట్ ఒకటి పెట్టుకుంటే మ్యాచ్ బ్యాట్ ఎక్కువ కాలం నిలుస్తుంది. మీ పాత బ్యాట్ పారేయకండి. ఇంట్లో జిగురు వేసే బదులు బ్యాట్ రిపేర్ చేసేవాళ్ల చేత అంచుకి బైండింగ్ వేయిస్తే ఇంకో సీజన్ వస్తుంది. ఈ దారిలో లోపం ఏమిటంటే ఏడాదిలో మళ్లీ డబ్బు అవసరం పడుతుంది, అప్పుడు ఎవరూ ఉండకపోవచ్చు. అది మీరు తూచుకోవాలి.

నాలుగో దారి ఒకటుంది, దాన్ని మీరు తలుచుకున్నట్టు లేదు. షరతుల్లేని సాయం. భారత క్రికెటర్ తిలక్ వర్మ తండ్రి ఎలక్ట్రీషియన్. కిట్టూ ఖర్చులూ కోచ్ సలాం బాయాష్ చూసుకున్నారని ఆ కుటుంబమే ఇంటర్వ్యూల్లో చెప్పుకుంది. అలాంటి మనుషులు అన్నిచోట్లా దొరకరు, నిజమే. కానీ మీ జిల్లాలో ప్రతి ఊరి నుంచీ కువైట్‌లో ఎవరో ఒకరుంటారు. మీ స్కూలు పూర్వ విద్యార్థులుంటారు. వాళ్లను డబ్బు అడగకండి, వస్తువు అడగండి. "మా అమ్మాయికి హెల్మెట్ కావాలి, ఫలానా సైజు, ఫలానా ధర" అని, కింద జిల్లా మ్యాచ్‌ల స్కోర్ షీట్ ఫొటోలు పెట్టి పీఈటీ సార్ చేత రాయించండి. ఐదు వేల మొత్తం అడిగితే ఆలోచించేవాళ్లు హెల్మెట్ అంటే కొని పంపేస్తారు. స్కోర్ షీట్లు ఇప్పటి నుంచే దాచి పెట్టండి, ఏ స్పాన్సర్ వచ్చినా మొదట అడిగేది అవే.

బావగారి డబ్బు మాటకొస్తే, దానికీ ఒక షరతుంది. కాగితం మీద లేదు కాబట్టి తేలికని అనుకోకండి, చుట్టరికం కాబట్టి ఇంకా బరువు. ఇంటర్‌తో ఆపేస్తామని మీరు మాటిచ్చి, అప్పటికి అమ్మాయి అండర్-19 ఆడుతుంటే ఏం చేస్తారు? ఆడనిస్తే మీరు మాట తప్పారని ఆయన అంటారు, ఆపితే మీరే అన్యాయం చేశారని అమ్మాయి అంటుంది. తీసుకునేట్టయితే "అన్నా, ఇది అప్పుగా ఇవ్వు, నెలకింత తీరుస్తాం. ఆట సంగతి ఇంటర్ అయ్యాక అందరం కూర్చుని మాట్లాడుకుందాం" అని మీ ఆయన చేతే చెప్పించండి. ఆయన ఒప్పుకోకపోతే ఆ డబ్బు వద్దు. పెద్దమనిషి మనసు నొచ్చుకుంటుందనుకుంటే, జిల్లా మ్యాచ్ ఒకటి చూడటానికి తీసుకెళ్లండి. పెదనాన్న బౌండరీ పక్కన కూర్చుని ఉంటే పిల్లలకు ఊపు వస్తుంది, ఆయన అభిప్రాయమూ కాస్త మెత్తబడవచ్చు.

కోచ్ గారి గురించి జాగ్రత్తగా చెబుతాను. ఇలాంటి ఒప్పందాలు కుదిర్చిన కోచ్‌లకు షాపులు కమిషన్ ఇవ్వడం ఉంది. మీ కోచ్ తీసుకున్నారని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, మీ దగ్గరా లేదు. అడగాల్సింది అది కాదు కూడా. "సార్, బ్యాట్ బరువని పాప అంటోంది. మీరు ఒకసారి నెట్స్‌లో ఆ బ్యాట్‌తో ఆడించి చూడండి" అనండి. ఆయన కోచ్ కాబట్టి పది బంతులు చూస్తే ఆయనకే తెలిసిపోతుంది. అప్పుడు షాపాయనతో హ్యారో కావాలని ఆయనే మాట్లాడతారు, ఇచ్చిన మాటా పోదు. ఇంత చెప్పినా సంతకం పెట్టాల్సిందేనని ఒత్తిడి చేస్తే, లేదా నెట్స్‌లో అమ్మాయికి బ్యాటింగ్ తగ్గిస్తే, అప్పుడు ఆలోచించాల్సింది అకాడమీ గురించి. సెలెక్షన్లు చేసేది అసోసియేషన్ సెలెక్టర్లు. ఇంటర్ డిస్ట్రిక్ట్ మ్యాచ్‌ల్లో చేసిన పరుగులు స్కోర్ బుక్‌లో ఉంటాయి, వాటిని ఎవరూ చెరపలేరు.

వీడియోలకు ఒప్పుకునేట్టయితే కొన్ని గీతలు ముందే గీయండి. 16 ఏళ్లలోపు పిల్లల ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు మొదటి నుంచే ప్రైవేట్‌గా ఉంటాయి, పబ్లిక్ చేయాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. అంటే తాళం మీ చేతిలో ఉంది. అమ్మాయి పేరున కొత్త ఖాతా అక్కర్లేదు. వీడియో షాపు ఖాతాలోనే వేసుకోమనండి, వేసే ముందు మీకు చూపించమనండి. స్కూల్ యూనిఫామ్, ఇంటి వీధి, ప్రాక్టీస్ టైమింగులు కనిపించకూడదు. కామెంట్లు ఆఫ్ చేయాలి. ఉచితంగా వస్తువు తీసుకుని ప్రచారం చేస్తే ఆ సంగతి పోస్టులోనే తెలియజేయాలని 2023 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఆ మాట వేసే బాధ్యత షాపుదని రాయించుకోండి. ఫ్లెక్సీకి ఫొటో ఇస్తే ఒప్పందం ముగిసిన నెలలోగా తీసేయాలి. నెలకు ఎనిమిది మరీ ఎక్కువ, రెండు చాలు. రెండు మ్యాచ్ క్లిప్పులు ఎనిమిది బలవంతపు రీల్స్ కంటే ఆయన బ్యాట్లను బాగా అమ్మిపెడతాయి, ఆ మాట ఆయనకే చెప్పండి.

ఇంకొకటి, మీ అమ్మాయికి ఇది పదో తరగతి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వీడియోలూ షాపు ప్రారంభోత్సవాలూ ఏవీ ఉండవని కాగితంలో ఒక వాక్యం చేర్పించండి. తనకూ ఇద్దరు ఆడపిల్లలున్నారని ఆయన మీతో అన్నట్టు రాశారు కదా, ఈ ఒక్కటి అడిగితే కాదనరనే అనుకుంటున్నాను. కాదంటే మాత్రం మిగతా షరతుల గురించి బేరమాడుతూ కూర్చోకుండా వచ్చేయండి.